మేకల దిడ్డికి జాజు పట్టెలు

మొదట ఒక బుస. ఆ తర్వాత కుతకుత. చివరికి, కోపం చల్లారిన మనిషి లోలోపల గొణుక్కుంటున్నట్టు సన్నటి గుసగుస. కర్నూలు పాతవూళ్లో తన మొదటి ఉదయాన ఆ చప్పుడు విని కోదండపాణి మంచం మీద కాళ్లు పైకి లాక్కుని "పాము! పాము!" అని కేకేశాడు.

కిటికీ అవతల నుంచి నవ్వు వినిపించింది. "పాము గాదు సామీ, సున్నపురాయి. నీళ్లు తాగుతాండాది, అంతే."

తొంగి చూశాడు. పక్కనే, వీధి చివర పాత కోట దిడ్డి వాకిలి. దాని నీడలో తెల్లటి ఆవిరి. ఆవిరిలో, కనుబొమల దాకా సున్నం పట్టిన ఒక ముసలాయన బానలో కట్టె పెట్టి తిప్పుతున్నాడు. అతడే సుంకప్ప.

అది యాభైమూడో సంవత్సరం. కొత్త రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులకు గుడారాలు, అధికార్లకు గుడారాలు. మద్రాసు నుంచి బదిలీ అయి వచ్చిన కోదండపాణి రోడ్ల ఆఫీసులో గుమాస్తా. దిడ్డి పక్కన మిద్దె మీద గది దొరకడమే అతని అదృష్టం.

దాన్ని మేకల దిడ్డి అంటారు. కోటకు పెద్ద వాకిళ్లు వేరే ఉండేవి. ఇది తుంగభద్ర గట్టుకు మేకలు పోయే చిన్న దారి. కింద నల్లటి రాతి స్తంభాలు, వాటి మీద ఈదుతున్నట్టు చెక్కిన రెండు చేపలు. పైన సున్నపు పూలు పూసిన కమాను. తలుపులు ఎప్పుడో పోయాయి. కావలివాళ్లు కూర్చునే అరుగు మాత్రం మిగిలింది. ఆ అరుగు మీదే సుంకప్ప సున్నపు బానలు, నలగ్గొట్టిన ఈత మట్ట కుంచెలు, భార్య ఈరక్క పొయ్యి, వాళ్ల కాపురం.

"కింది రాళ్లు రాయలోళ్లవి. పైన కమాను నవాబులది. దాని మింద సున్నం మా తాతలది" అని చెప్పేవాడు సుంకప్ప. "రాయలోళ్లు పోయిరి, నవాబులు పోయిరి. మా సున్నం ఏటేటా కొత్తదే."

ఊళ్లో ఏ గోడ అతన్ని ఎరగదు? దసరాకు గుడి గోడలు, ఉరుసుకు దర్గా గుమ్మటం, పెళ్లికి మిద్దెలు. వెల్ల వేసేముందు గోడను అరచేత్తో నిమిరేవాడు, దూరం నుంచి వచ్చిన గొడ్డును నిమిరినట్టు. సాయంత్రం తుంగభద్ర మీంచి గాలి లేచే వేళ కోదండపాణి అరుగు మీదకు చేరేవాడు. ఈరక్క జొన్నరొట్టె మీద ఊరిమిండి వేసి పెట్టేది. నల్లగా, కారంగా ఉన్న ఆ పొడి తిని అతని కళ్లలో నీళ్లు తిరిగితే పకపకా నవ్వేది.

"మద్రాసులో కారం అమ్మరా సామీ?"

"అమ్ముతారు. ఇట్లా చంపరు."

అట్లా వేసవి దాకా గడిచింది. అప్పుడొక రోజు సూపర్వైజరు పటం పరిచి, కొత్త రోడ్డు కోసం కూల్చాల్సిన చోట్ల సున్నం గీత గీయించమని కోదండపాణికి పురమాయించాడు. పటంలో రోడ్డు మేకల దిడ్డి నడిమధ్యగా పోతోంది. గీత గీసే మనిషి ఊళ్లో ఒక్కడే.

ఆ సాయంత్రం అతడు అరుగు మీద కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.

"సుంకప్పా, దిడ్డిని తీసేస్తారట. వచ్చే వారం కూలీలు వస్తారు. ముందుగా నువ్వు దాని మీద ఒక గీత గీయాలి."

ఈరక్క చేతిలో రొట్టె ఆగింది. "మరి మేం యాడికి పోవాల సామీ?"

సుంకప్ప లేచి స్తంభం మీది చేపలను అరచేత్తో నిమిరాడు.

"సర్కారు పని గదా. గీస్తాలే సామీ" అన్నాడు.

మర్నాడు పొద్దున కోదండపాణి కిటికీ తెరిచి అలాగే నిలబడిపోయాడు. దిడ్డి కొత్త పెళ్లికూతురిలా ఉంది. అడుగు నుంచి కమాను దాకా ఒక తెల్ల పట్టె, ఒక ఎర్ర జాజు పట్టె, మళ్లీ తెల్లది, మళ్లీ ఎర్రది. చేపలకు పసుపు. గడపకు ముగ్గు.

పరుగున దిగి వెళ్లాడు. "ఇదేం పని సుంకప్పా? ఒక్క గీత గీయమంటే!"

"ముందు ఒక్క గీతే గీస్తి సామీ. ముండమోసినట్టు కనపడె. చెయ్యి ఒప్పలే." ముసలాయన జాజు అంటిన వేళ్లు పంచెకు తుడుచుకున్నాడు. "పొయ్యే మనిషికైనా నీళ్లు బోసి, కొత్త గుడ్డ కట్టి పంపుతామే. నేను పుట్టింది ఈ అరుగు మిందనే. ఎట్ల పంపాల దీన్ని, ఉత్తగ?"

సాగనంపడానికి చేసిన సింగారం అది. ఆ సంగతి ఊరికి తెలియదు. ఎర్రా తెల్లా పట్టెలు కనిపిస్తే ఈ సీమలో అది దేవుడి చోటు. మధ్యాహ్నానికి ఎవరో టెంకాయ కొట్టారు. నీళ్లకు పోయే ఆడవాళ్లు బిందె దించి దండం పెట్టారు. కూలీలు వచ్చే నాటికి కమాను కింద దీపం కూడా వెలిగింది.

కూలీలు ఆదోని పక్క పల్లెలవాళ్లు. వాళ్ల మేస్త్రీ ఉరుకుందప్ప దూరం నుంచే గడ్డపార కింద పెట్టి లెంపలు వేసుకున్నాడు. "ఏ దేవరప్పా ఇది?"

"దేవర గాదప్పా, వట్టి వాకిలి!" సుంకప్ప నిజంగానే కంగారు పడ్డాడు. "నేనే పూస్తి. పని కానియ్యండి."

"నీ చేత పూయించినోడు యాడుండాడో మాకేమెరుక? మేము ముట్టం."

సూపర్వైజరు మండిపడ్డాడు. పట్టెలు కడిగేయమన్నాడు. తప్పు తనదే కాబట్టి సుంకప్ప బిందెడు నీళ్లూ చీపురూ పట్టుకుని వచ్చాడు. సర్కారుకు మాట ఇచ్చి తప్పినవాడిగా మిగిలిపోవడం అతనికి ఇష్టం లేదు. ఈరక్క గడపకు అడ్డంగా కూర్చుంది.

"కడుగయ్యా. ముందు నా బొట్టు కడుగు, ఆమైన దాన్ని కడుగుదువు."

అతడు చీపురు ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఈలోగా దారిన పోయే మేకపిల్ల ఒకటి బిందెలో మూతి పెట్టి నీళ్లు తాగసాగింది. చూస్తున్నవాళ్లు నవ్వారు గాని, కోదండపాణికి నవ్వు రాలేదు.

గొడవ విని పెద్ద ఇంజనీరే జీపులో వచ్చాడు. కొత్తగా వచ్చిన మనిషి, ముక్కోపి అని పేరు. విసవిసా నడిచి దిడ్డి లోపలికి పోయాడు, కమాను చూశాడు, స్తంభాలు తట్టాడు, తనలో తాను ఏదో గొణుక్కున్నాడు. బయటికి వచ్చాక కాళ్లు చురుక్కుమన్నాయి. వంగి చూసుకున్నాడు. చెప్పులు ముగ్గు ఇవతలే ఉన్నాయి. ఎప్పుడు విడిచాడో తనకే తెలియదు.

ఇంజనీరు నిదానంగా చెప్పులు తొడుక్కుని, పక్కన కోట గోడ ఎప్పుడో కూలి పడిన సందు వైపు చెయ్యి చూపించాడు.

"రోడ్డు అటు తిప్పండి. అక్కడ కూల్చే పనే లేదు కదా" అన్నాడు.

ఆ రాత్రి ఈరక్క బొబ్బట్లు చేసింది. సుంకప్ప మాత్రం తినకుండా సూపర్వైజరు దగ్గరికి పోయి, మన్నించమని అడిగి వచ్చాకే విస్తరి ముందు కూర్చున్నాడు.

యాభైఆరులో రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. గుడారాలు విప్పారు. రైలు స్టేషనులో కోదండపాణి పెట్టెను తానే మోసి, కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టాడు సుంకప్ప. రైలు కదిలింది. ముసలాయన దానితోపాటు నాలుగడుగులు నడిచాడు.

"సామీ, ఆడ ఇంకా శానా పాత గోడలు ఉండాయంట. దేన్నన్నా కూలుస్తామంటే ముందుగా నాకొక మాట చెప్పి పంపు. కుంచె తీస్కోని వస్తా."