మా అమ్మ నిలబడిన అంగడి

మా చిన్నప్పుడు బడి వదిలితే నేను ఇంటికి పోయేదాన్ని కాదు... తిరుపతి బస్టాండు దగ్గర ఉన్న మూడంతస్తుల పెద్దంగడికి పోయేదాన్ని. కింద స్టీలు సామాన్లు, మధ్యలో చీరలు, పైన పిల్లోళ్ల గౌన్లు, బొమ్మలు. నాయన చనిపోయిన ఏడాదే మా అమ్మ ఆ అంగట్లో చీరలు చూపించే పనిలో చేరినాది.

పనిచేసే ఆడోళ్లు కూర్చోకూడదు... అది ఆ అంగడి కట్టుబాటు. కొండ దిగొచ్చిన గుండు యాత్రికులు గుంపులుగా వస్తే అమ్మ వంద చీరలు విప్పి, వందా మళ్లీ మడతేసేది. సాయంత్రానికి కాళ్లు దుంగల్లా వాచిపోయేవి. నేను మాత్రం అట్టపెట్టెల సందులో గోనెపట్టా పరుచుకుని లెక్కలు చేసుకునేదాన్ని.

ఒకరోజు అంగడి పెద్దాయన కంట్లో పడినా. అమ్మకు పని పోయినట్టే అనుకున్నాం. ఆయన నా నోటుబుక్కు తిరగేసి, చీకట్లో రాస్తే కళ్లు పోతాయని చెప్పి కిటికీ పక్కన స్టూలు వేయించినాడు. పదో తరగతి దాకా నేను ఆడనే చదువుకున్నా. అమ్మ మాత్రం నిలబడే ఉండేది...

పెద్దాయన కాలం చేసినాడు. గిరాకీ పడిపోయింది. కొడుకులు జాగా అమ్మేసినారు. పోయిన ఏడాది అంగడి పడగొట్టినారు. ఇప్పుడు చుట్టూ రేకులు, పెద్ద బోర్డు... ఇరవై రెండంతస్తులంట. పై ఇండ్లల్లో మంచం మీద పడుకునే కొండ చూడొచ్చంట.

అమ్మకు యాభై ఎనిమిది. ప్రైవేటు బళ్లో నాకొచ్చే జీతం బాడుగకే చాలదు. ఆ వీధిలో అమ్మ ఎక్కని అంగడి లేదు. అందరూ వయసు పిల్లోళ్లే కావాలన్నారు.

పోయిన వారం నన్ను తోడు తీసుకుని ఆ కట్టడం ఆఫీసుకే పోయింది. రేకుల షెడ్డులో ఒక ఇంజనీరు ఉన్నాడు. నా కంటే చిన్నోడు. మర్యాదగా కుర్చీ చూపించినాడు. అమ్మ కూర్చోలేదు.

"ఇరవై ఏడేండ్లు ఈడనే పనిచేసినాను నాయనా. కట్టినాక ఏదన్నా పని ఇయ్యండి. చిమ్మేదైనా సరే."

అయ్యేసరికి నాలుగేండ్లు పడుతుందని, అప్పుడు కూడా ఆ పనులకు మనుషుల్ని పెట్టేది బయట ఏజెన్సీ అని ఆయన నిదానంగా చెప్పినాడు.

"అయితే ఇప్పుడే ఇయ్యి. ఇటికెలు మోస్తాను."

ఆయప్ప తల దించుకున్నాడు. నాకు భూమిలోకి పోయినట్టు అయ్యింది. అమ్మ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చినా.

గేటు కాడ ఆగింది అమ్మ. లోపల పెద్ద గుంత... అడుగున బురదనీళ్లు. మోటారు పెట్టి తోడుతాండారు. చానాసేపు చూసి, "మన చీరల కౌంటరు యాడొస్తాదమ్మే?" అని అడిగినాది. ఆ కౌంటరు ఉండింది నడిమి అంతస్తులో. గుంత పైన గాలి తప్ప ఏముండాది...

ఈ పొద్దు కూడా ఇస్త్రీ చీర కట్టుకుని, క్యారేజీ పట్టుకుని పని వెతుక్కుంటా తిరుచానూరు పక్క పోయింది. వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు.

అంగడి పోతే మేడ లేస్తాది... మరి ఆ అంగడి మీద బతికినోళ్లు? మీ ఊర్లో ఇట్లా మూతపడిన పెద్దంగడి ఏదన్నా ఉంటే చెప్పండి. ఆడ పనిచేసిన ఆడోళ్లు ఇప్పుడు యాడ ఉండారో, ఏం చేస్తాండారో కూడా చెప్పండి... మా అమ్మకు చదివి వినిపిస్తా.