ప్రభ పొలిమేర దాటేదాకా

ఊళ్లో శవం ఉండగా ప్రభ కదలకూడదన్నది మా ఊరి పట్టింపు. శివరాత్రికి వెదురుబొంగులతో ఎత్తుగా కట్టి, లైట్లు పెట్టి, కోటప్పకొండకు తీసుకెళ్లే ప్రభ అది. దాని ఎత్తు చూసి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కుళ్లుకుంటారని మావాళ్ల గొప్ప. నాకూ ఆ గొప్ప ఉండేది, కాదనను.

ఆ ఏడు ప్రభ బయలుదేరే రోజు పొద్దున్నే మా పక్కింటి బాబాయి, టీ గ్లాసు చేతిలో పట్టుకుని అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. పిన్నీ నేనూ లోపలికి చేర్చాం. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి, చెయ్యి పట్టుకుని చూసి పెదవి విరిచాడు. కబురు ఆయనే మోశాడు కాబోలు, పిన్ని గొంతు లేచేలోపే నలుగురు పెద్దమనుషులు గుమ్మంలోకి వచ్చారు.

వాళ్ల లెక్క సులువు. ఏడుపు బయటికి వినపడితేనే చావు. వినపడనంతసేపు బాబాయి నిద్రపోతున్నట్టే. పదింటికల్లా ప్రభ పొలిమేర దాటుతుంది, ఆ తర్వాత ఎంతైనా ఏడవొచ్చు. కుర్రాళ్లు పనులు మానుకుని నెల రోజులు కట్టారు, ఆడపడుచులు పిల్లాజెల్లాతో వచ్చి ఉన్నారు, ఊరంతా కొత్తబట్టల్లో ఉంది. ఒక్క మనిషి మూడు గంటలు నోరు మూసుకుంటే ఏం పోతుందన్నారు. తలుపులు వేసి ఆమె పక్కన కూర్చోమని నాకు పురమాయించారు.

కూర్చున్నాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఆమె కొంగు ఆమె నోటికి అడ్డంపెట్టి పట్టుకున్నది నా చెయ్యే. బయట డప్పులు, ఈలలు. లోపల ఆమె ఒళ్లంతా వణుకుతోంది, చప్పుడు మాత్రం లేదు. కాసేపటికి నా చెయ్యి పక్కకు తోసి మెల్లగా అడిగింది.

"పాదాలు సల్లబడతన్నయ్యే. ఇప్పుడు పిలిస్తే వినపడుద్దేమో. ప్రభ పోయినాక పిలిస్తే ఏం వింటాడే?"

ఈ మాటకు ఆ పెద్దమనుషులు ఏం చెబుతారని నాకు ఒళ్లు మండింది. లేచి గడియ తీసి రెండు తలుపులూ బార్లా తెరిచాను.

"పిలువు పిన్నీ. ఎంత గొంతుంటే అంత గొంతుతో పిలువు."

పిలిచింది. డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

పెద్దమనుషుల్లో ఒకాయన నా మీదికి వచ్చాడు. ఊరి సంతోషం చెడగొట్టానన్నాడు.

"ఆమె నోరు నొక్కితేగాని నిలవని సంతోషం ఏం సంతోషం పెదనాన్నా?" అన్నాను.

బాబాయిని సాగనంపి, వీధులు కడిగి, ప్రభ కదిలేసరికి సాయంత్రమైంది. కొండకు అన్నిటికన్నా ఆఖర్న చేరింది మాదే.

ఆ తర్వాత మిరపకు తెగులొచ్చినా, బోరు ఎండినా కారణం నేనే. వీధిలో ఆడవాళ్లు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. మా ఆయన కూడా కాస్త తగ్గి ఉండమన్నాడు. తగ్గలేదు. ఆ రోజు నేను చేసిన తప్పల్లా ఒక్కటే, ఆ కొంగు పట్టుకోవడం.

పోయిన శివరాత్రికి మా అత్త మంచంలో ఉంది. ప్రభ కదిలే ముందురోజు ఆ పెద్దాయనే మా గుమ్మంలో నిలబడి, ముసలమ్మకు ఒంట్లో ఎట్టుందని అడిగాడు. ఎందుకు అడుగుతున్నాడో తెలియనిదాన్నా?

"ఇయ్యాల బానే ఉంది పెదనాన్నా," అన్నాను. "రేపు ఏదన్నా అయితే, ముందు మీ ఇంటి ముందుకే వచ్చి ఏడుస్తా."