అండమాన్‌లో మంచి కాలం

జనగామ బస్టాండు ఎదురుగా ఉన్న నా టూర్ల ఆఫీసు బోర్డు మీద ఒకప్పుడు ఎర్రటి అక్షరాలతో ఒక వాక్యం ఉండేది: "అండమాన్ వెళ్లడానికి మంచి కాలం - నవంబర్ నుంచి ఫిబ్రవరి." ఇప్పుడు దాని మీద తెల్లరంగు పూయించాను. ఎందుకు పూయించావని అడిగినవాళ్లకు ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను. అసలు సంగతి లచ్చక్కది.

ఆమెది నర్మెట్ట అవతల తండా. భర్త పేరు రెడ్యా. ఇద్దరికీ కలిపి మూడెకరాల ఎర్ర చెలక. బోరు రెండుసార్లు వేయించారు, రెండుసార్లూ దుమ్మే లేచింది. ఇక పత్తి గింజ పెట్టి మబ్బు కేసి చూడటమే వాళ్ల వ్యవసాయం. ఒక ఏడాదైతే మూడుసార్లు విత్తారు. మూడోసారి మొలకలు కూడా మాడిపోయాక మొగుడూ పెళ్లాం హైదరాబాద్ పోయి సిమెంటు తట్టలు మోశారు. లచ్చక్కకు చదువు రాదు. కానీ వాన లెక్కల్లో ఆమెను మించినవాళ్లు ఆ తండాలో లేరు. మే నెలలో టీవీవాళ్లు "నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకాయి" అనడమే ఆలస్యం, వేళ్లు మడుస్తూ లెక్క మొదలుపెట్టేది.

"ఆడికెళ్లి మనకు రానీకి ఇరవై దినాలు. నడుమల యాడన్న ఆగకుంటే."

ఆగేది మరి. చాలా ఏళ్లు నడుమ ఎక్కడో ఆగేది.

నా తిరుపతి బస్సులో రెండుసార్లు వచ్చింది కాబట్టి నాతో చనువు. ఒక దసరా తరువాత జనగామకు పత్తి తెచ్చి, తిరిగిపోతూ నా ఆఫీసు ముందు నిలబడి బోర్డు కేసి చూసింది.

"గీ కొత్తది ఏం రాసినవ్ తమ్మీ?"

"అండమాన్ పోనీకి మంచి కాలం ఎప్పుడో రాసిన అక్కా."

"అండమానంటే వాన మొదాలు దిగే దేశమేనా?"

"అదే. ఏంది, నువ్వు గూడ పోతవా?" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. లోపలికి వచ్చి బల్ల మీద కూర్చుంది. "మంచి కాలం ఏ నెలల అయితది ఆడ?"

"జనవరిల."

"జనవరిలనా! మంచు పడే దినాలల్లనా?"

"ఆడ లెక్కే వేరక్కా. ఆ దేశమే వేరు."

"కాలం పక్కా అయితది గద? నేను ఒక్కపారే పోత తమ్మీ. మల్ల మల్ల పోయేదాన్ని కాదు."

"పక్కా. నాది జిమ్మ" అని పూచీ ఇచ్చాను. ఆ మాట అంటూ ఫోన్లో ఎవరికో బస్సు సీట్లు చెబుతున్నాను. ఆమె ముఖం కేసి కూడా సరిగ్గా చూడలేదు. ఛీ, నా తొందర పాడుగాను!

పత్తి పైసలతో చెవి కమ్మలు చేయించుకోమని రెడ్యా ఎంత గొణిగినా ఆమె వినలేదు. జనవరిలో పన్నెండుమంది బయల్దేరాం. అందరూ రిటైరైన పంతుళ్లు, వాళ్ల భార్యలు. లచ్చక్క ఒక్కతే తండా మనిషి. శంషాబాద్ విమానాశ్రయంలో సంచులు తనిఖీ చేస్తుంటే ఆమె సంచిలోంచి మడతపెట్టిన యూరియా బస్తా బయటపడింది. ఒక మూల లోపలికి తోసి కుట్టి ఉంది. నాట్లప్పుడు వానకు తల మీదుగా వీపు మీదికి కప్పుకుంటారే, అది.

"లచ్చక్కా, అండమాన్‌ల నాటేస్తవా ఏంది?" అన్నాను. పంతుళ్లందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా సిగ్గుపడి నవ్వింది. బస్తాను మాత్రం మళ్లీ జాగ్రత్తగా మడిచి సంచిలో అడుగున పెట్టుకుంది. నేను నవ్వించిన ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

వాతావరణం అద్భుతం. నాలుగు రోజులూ ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. నీళ్లు అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. పంతుళ్లు ప్యాంట్లు మడిచి ఫొటోలు దిగారు. వాళ్ల భార్యలు గవ్వలు ఏరారు. జగపతి భలే టైము చూసి తెచ్చాడని నన్ను మెచ్చుకుంటుంటే నేల మీద నిలవలేదు నేను. లచ్చక్క మాత్రం ఎక్కడికి తీసుకెళ్లినా ఒక చెట్టు కింద కూర్చుని పైకి చూస్తుండేది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. నాలుగో రోజు కొబ్బరి బొండం పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను.

"తమ్మీ, కాలం ఎప్పుడైతది? రేపు ఎల్లిపోతం గద."

అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకు. మా దిక్కు రైతు "కాలమైంది" అన్నాడంటే వానలు పడ్డాయని. "కాలం కాలేదు" అన్నాడంటే పడలేదని. మా తాత నోట ఈ మాట వెయ్యిసార్లు విన్నవాణ్ని. మంచి కాలం అంటే మంచి వానలు అనే ఆమెకు తెలుసు. నేనేమో హైదరాబాద్ కంపెనీవాళ్ల కాగితం చూసి బోర్డు రాయించినవాణ్ని.

"అక్కా, మంచి కాలమంటే... ఎండ కాసే కాలం. వానల్ల ఓడలు నడువయి. ఎండ కోసమే వస్తరు ఈడికి అందరు."

ఆమె నన్ను వింతగా చూసింది. "ఎండ సూడనీకా? గింత దూరం ఎండ సూడనీకి వస్తరా తమ్మీ? మా చెలకల లేదా ఎండ?"

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "వాన యాడ దిగుతదో, ఎట్ల బయలెల్లుతదో ఒక్కపారి సూద్దామనుకున్న. మన దాంక రాక నడుమ ఎందుకు ఆగుతదో దానికి ఎరుకుంటది గద" అని కొంగుతో ముఖం తుడుచుకుంది. జీవితమంతా ఏ ఆకాశాన్ని చూసి ఆమె ఏడ్చిందో, అదే ఆకాశాన్ని నాలుగు రోజులు చూపించి తీసుకొచ్చాను.

"మే నెలల నేనే తీస్కపోత. నీ దగ్గర పైస తీసుకోను" అన్నాను వచ్చేటప్పుడు విమానంలో. నిజంగానే అన్నాను. కానీ ఆ మే నెలలో పెళ్లి బస్సుల గిరాకీ. మరుసటి మే నెలలో తుఫాను హెచ్చరిక అన్నారు, ఇంకో ఏడాది చూద్దాంలే అనుకున్నాను. ఆ ఏడాది చలికాలంలో లచ్చక్క గుండె చెడింది. వరంగల్ దవాఖానలో పదిహేను రోజులుంది. దూర ప్రయాణాల మాటే ఎత్తొద్దన్నారు డాక్టర్లు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మంచి కాలం చూసి చూసి, ఆమె కాళ్లు ఆడే కాలాన్ని పోగొట్టాను.

ఈ మే నెలలో నేనొక్కణ్నే బయల్దేరాను. చెప్పడానికి తండాకు వెళ్తే, మంచం మీద నుంచి లేవకుండానే రెడ్యాతో ఆ యూరియా బస్తా తెప్పించి నాకిచ్చింది.

"నువ్వన్న సూసి రా తమ్మీ. సూసి నాకు ఫోన్ చెయ్యి."

అక్కడ హోటల్లో మనిషి లేడు. ఓడలు ఆపేశారు. మూడో రోజు మధ్యాహ్నం సముద్రం మీదుగా నల్లగా వచ్చింది వాన. బస్తా తల మీద కప్పుకుని, ఒడ్డున నిలబడి ఫోన్ చేశాను.

"అక్కా, కాలమైందే! కాలమైంది!"

"అయిందా! ఎట్లొచ్చింది తమ్మీ?" గొంతులో ఆయాసం, అయినా ఆగడం లేదు. "గాలి ముందొచ్చిందా, చినుకు ముందొచ్చిందా? చినుకు లావుగున్నదా? మబ్బు మన దిక్కే తిరిగిందా, ఆడనే కూసున్నదా?"

చుట్టూ చూశాను. ఎటు చూసినా నీళ్లే. మా దిక్కు ఏదో, గాలి ఎటు పోతోందో నాకేం తెలుసు? నా జన్మలో ఒక్క గింజ నాటినవాణ్ని కాదు.

"నాకు తెలుస్తలేదక్కా" అన్నాను.

"నేనుంటే నాకు సమజయ్యేది తమ్మీ" అంది లచ్చక్క.