పుణ్యవతి ఆవకాయ

మా బావ కూర్మారావుకు ఆవకాయంటే ప్రాణం. అది నేను కాదనను. వాళ్ళమ్మ కలిపిన ఆవకాయ ముక్క నోట్లో పెట్టుకుంటే కళ్ళు మూసుకునేవాడు. అంతటితో ఆగినా బాగుండేది. యాభయ్యో ఏట, బరంపురం రైల్వే పార్సిల్ ఆఫీసులో నిక్షేపంలాంటి ఉద్యోగం వదిలేసి స్టార్టప్ పెడతానన్నాడు. రైల్వే ఉద్యోగాన్ని చేతులారా వదులుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మరదల్ని కాబట్టి మొహమ్మీదే అడిగేశాను, "బావా, మతి పోనాదేటి?" అని.

"నీకు తెల్దు విజయా. యాపారానికి ముందు ప్యాషన్ ఉండాల. మిగతాదంతా అదే వచ్చీస్తాది," అన్నాడు.

ఫోన్‌లో ఎవరో చెబుతుండగా విని నేర్చుకున్న మాట అది. అప్పటినుంచి ఎవరు ప్యాషన్ అన్నా నేను అక్కణ్ణుంచి లేచిపోతాను.

నిజానికి ఆ ఇంట్లో వ్యాపారం ముందునుంచే ఉంది. మా అక్క పుణ్యవతి ఏటా వేసవిలో ఆవకాయ కలిపి గేట్‌బజార్ చుట్టుపక్కల ఇళ్ళకు అమ్మేది. తెలుగువాళ్ళే కాదు, ఒడియావాళ్ళు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. కళ్ళుప్పు ఎండబెట్టి, మెత్తగా దంచి, అత్తగారి సోలతో కొలిచేది. మూడోనాడు తిరగకలిపి, కాస్త నాలిక్కి రాసుకుని చూసేది. ఉప్పు చాలకపోతే అప్పుడే వేసేది. నాకు తెలిసి ఒక్క జాడీ చెడలేదు.

బావ ఆ ఆవకాయకు కంపెనీ తగిలించాడు. అన్నిటికంటే ముందు లేబుళ్ళు పురమాయించాడు. వాటి మీద మా అక్క ఫొటో, కింద తెలుగులోనూ ఒడియాలోనూ 'పుణ్యవతి ఆవకాయ' అని. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. తర్వాత దిగపహండి నుంచి ఆటోనిండా కాయలు దింపాడు, నా నడుమంత ఎత్తు జాడీలు కొన్నాడు. అంత ఉప్పు దంచే ఓపిక లేక, కళ్ళుప్పునే అదే సోలతో కొలిచి పోయించాడు. దంచని ఉప్పు కొలిస్తే సోలలో సగం గాలే ఉంటుంది. అక్క నసిగింది గాని, మూడోనాడు చూసుకోవచ్చులే అనుకుంది.

మూడోనాడు చూడనివ్వలేదు. శ్రీకూర్మం స్వామికి మొక్కుకున్నాడట, మొదటి సీసా స్వామి ముందు పెట్టేదాకా ఎవరూ రుచి చూడకూడదని.

"ఉప్పు సూడాలండీ. ఒక్క రవ్వ," అంది అక్క.

"దేవుడికి ఎంగిలి పెడతావేటి? మాయమ్మ సోల అది. అబద్ధమాడదు."

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. మాలాంటి ఇళ్ళలో నైవేద్యానికి ముందు నాలిక మీద వేసుకోవడం పాపం. ఆ భయం నాకూ ఉంది. పోనీ, మర్నాడే సీసా పట్టుకుని శ్రీకూర్మం వెళ్ళొచ్చినా సరిపోయేది. లేబుల్ లేని సీసా స్వామికి ఎలా పెడతామని, అవి అచ్చయి వచ్చేదాకా కూర్చున్నాడు. ఈలోగా వేసవి పోయి వానలు పట్టాయి.

కలిపిన రోజే ఒక సీసా నింపి, మూత బిగించి దేవుడి గదిలో పెట్టారు. లేబుళ్ళు వచ్చాక దానికి ఒకటి అంటించి, శ్రీకూర్మం తీసుకెళ్ళి స్వామి ముందు పెట్టించి తెచ్చాడు. ఇంటికొచ్చి, కళ్ళకద్దుకుని, మా ఎదుట మూత తిప్పాడు.

గుప్పుమని పులిసిన కంపు కొట్టింది. పైన తెల్లగా నూగులా బూజు. జాడీలు తీసి చూస్తే అన్నీ అంతే. ముక్కలు చీకిపోయి, ఊటమీద బుడగలు. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

బావ గరిటె తెచ్చాడు.

"పైది తీసీసి, నూనె కాసి పోసెత్తే సరి. లోపల బాగానే ఉంటాది. రేపు సరుకిస్తానని షాపోలందరికీ సెప్పీసినాను," అంటూ బూజు గీకడం మొదలుపెట్టాడు. గరిటెకు అంటుకున్నదాన్ని వేలితో తుడుస్తున్నాడు. మనిషిని చూసి అంత రోత నాకెప్పుడూ పుట్టలేదు. ఆ సీసాల మీద ఉండబోయే మొహం తనది కాదు, మా అక్కది. తిని వాంతులు చేసుకున్నవాళ్ళు తిట్టేది ఆవిణ్ణే.

అక్క గొడవ పడలేదు. వంటింట్లోకి వెళ్ళి కంచంలో వేడన్నం పెట్టి తెచ్చింది. ఆయన గీకిన జాడీ లోపలినుంచే ముక్కలు తీసి వేసింది.

"తినండి. బాగుంటే అమ్మీద్దాం."

బావ కలిపాడు. ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ ఆగింది. పెదాలు విడిపడలేదు.

"సామికి పెట్టినాను గదే. సామి ఏటీ అన్నేదు," అన్నాడు ఏడుపుగొంతుతో.

"సామి మూత తియ్యనేదు," అంది అక్క. "జనం తీస్తారు."

బావ ముద్దను కంచంలో వదిలేసి లేచాడు. చెయ్యి కడుక్కుని, మొదటి జాడీని ఈడ్చుకుంటూ పెరట్లోకి వెళ్ళాడు. నేను సాయం పట్టలేదు.