ఒక పన్ను తప్పిన చైను

ఆ వీధిలో ఇళ్ళు లేవు, అన్నీ షెడ్లే. పంక్చర్లు వేసేవాడు, రేడియేటర్లకు మాట్లు వేసేవాడు, సీట్లు కుట్టేవాడు, అందరికీ చివర ఇనుప తలుపు షెడ్డులో చిటపట. అమ్మ పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ వీధిలో ఎవరికీ అక్కర్లేకపోయింది. కాగిన నూనెలో నీటిచుక్క పడ్డట్టు, మాట పడగానే ఎగిరిపడే మనిషి కాబట్టి చిటపట అన్నారు. ఆ పేరే మిగిలింది.

బండి తెచ్చినవాడు "ఎప్పటికవుతుంది?" అని అడిగితే "నువ్వు నోరు మూసుకున్నాక" అనేవాడు. అయినా బళ్ళు వస్తూనే ఉండేవి. మర్యాదగా మాట్లాడేవాడి చేత ఇంజను చెడగొట్టించుకోవడం కంటే, తిట్లు తిని బాగు చేయించుకోవడమే నయమని జనం అభిప్రాయం. పనికి కుదిరినవాళ్ళు మాత్రం నిలిచేవారు కాదు. ఒకడు టీకని వెళ్ళి తిరిగి రానేలేదు. అందుకని ఒంటరిగానే పని చేసుకునేవాడు, బోల్టులతో పోట్లాడుకుంటూ.

ఇంత కోపం ఎక్కడిదని ఎవరైనా అడిగితే వాళ్ళమ్మ దాచకుండా చెప్పేది. "నా పుట్టింటి సొమ్ము. మా తమ్ముడి దగ్గర ఇంకా బోలెడుంది."

ఆ తమ్ముడే మామయ్య. తండ్రి పోయాక చిటపటను పనిలో పెట్టుకున్నదీ, పని నేర్పిందీ ఆయనే. నోటితో నేర్పింది తక్కువ, చేత్తో నేర్పింది ఎక్కువ. అడిగిన స్పానరు బదులు ఇంకొకటి అందిస్తే, ఆ స్పానరుతోనే మెటికల మీద ఒకటి పడేది. చిటపట అన్నీ ఓర్చుకున్నాడు, ఒక్కటి తప్ప.

ఒక రోజు విప్పి బిగించిన జీపు స్టార్టు కాలేదు. మళ్ళీ విప్పితే, గాలి లోపలికి పోయే గొట్టంలో నూనె గుడ్డ. దుమ్ము పడకుండా ఆ గుడ్డ కుక్కింది మామయ్యే, చిటపట కళ్ళారా చూశాడు. కానీ జీపు యజమాని ఎదురుగా నిలబడి ఉన్నాడు. మామయ్య వెనక్కి తిరిగి మేనల్లుడి చెంప పగలగొట్టాడు. "కళ్ళు నెత్తికెక్కాయా?" అన్నాడు. "పెట్టింది నువ్వే కదా మామయ్యా" అన్నందుకు రెండో చెంప. చిటపట ఒంటి మీది మసి చొక్కా విప్పి అక్కడే విసిరికొట్టి, ఒట్టి ఒంటితో ఇంటికి నడిచొచ్చాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. మామయ్య ఎదురుపడితే రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేవాడు. అలా ఏళ్ళు గడిచాయి. మామయ్య షెడ్డు మూసేసి, ఉన్న పికప్ బండిని డ్రైవరును పెట్టి బాడుగలకు తిప్పుకుంటున్నాడు.

ఒక మధ్యాహ్నం అమ్మ కంచం ముందు పెడుతూ అంది. "మీ మామయ్య పికప్ మొరుగుతోందట. పొద్దున్నే స్టార్టు చేస్తే డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు ఉందట."

"ఊపుకోమను."

"టైమింగ్ చైను పోయిందంటున్నాడు."

"మార్చుకోమను. పేద్ద మెకానిక్ కదా."

"చేతులు వణుకుతున్నాయిరా వాడికి. చెంచా నోటిదాకా పోవడం లేదు."

ఆ మాటకు చిటపట గుండె కరిగిందనుకుంటే పొరపాటు. ఒకరకమైన హాయి కలిగింది. "మంచిదే" అన్నాడు.

అమ్మ కంచం వెనక్కి లాక్కుంది. "ఆ మాట వెనక్కి మింగు. తర్వాత ముద్ద మింగుదువుగాని. అక్కను అడగడానికి వాడికి చచ్చినంత పని అయింది. నువ్వు చెయ్యనంటే నేను పోయి స్పానరు పట్టుకుంటాను."

పట్టుకునే మనిషే ఆవిడ. చిటపట ఆకలితో ఒప్పుకున్నాడు. "తెమ్మను. కానీ ఆయన రాకూడదు. బండి ఒక్కటే రావాలి."

బండి ఒక్కటే రాలేదు. మర్నాడు డ్రైవరు తోలుకొస్తుంటే, పక్క సీట్లో మామయ్య గడ్డం ఎత్తి కూర్చున్నాడు. దిగి, ఎవరూ వేయకుండానే ఖాళీ డబ్బా ఒకటి బోర్లించుకుని ఇంజనుకు ఎదురుగా చతికిలబడ్డాడు. కుడిచెయ్యి తొడ కింద పెట్టుకున్నాడు.

"అతన్నడుగు," అన్నాడు డ్రైవరుతో, "చైనుతో పాటు టెన్షనరు కూడా మారుస్తాడా, పాతదే ఉంచి చేతులు దులుపుకుంటాడా?"

"ఆయనకు చెప్పు," అన్నాడు చిటపట, అదే డ్రైవరుతో, "ఇక్కడ పాఠాలు వినేవాళ్ళెవరూ లేరని."

ఇద్దరి మధ్యా డ్రైవరు మెడ టేబుల్ ఫ్యానులా అటూ ఇటూ తిరిగింది. పాపం, అతనికి బండి ఎంత త్వరగా బాగవుతుందన్నదే బెంగ.

చిటపట బ్యాటరీ తీగ ఊడదీశాడు. రేడియేటరు నీళ్ళు వంచేసి దాన్ని పక్కన పెట్టాడు. ఫ్యానూ బెల్టూ తీసి, ముందున్న పుల్లీ బోల్టుకు పొడుగాటి రాడ్డు తగిలించి ఒంటి బరువంతా వేసి లాగాడు. బోల్టు కిర్రుమంది.

"ఒరేయ్, గుంజకు! బోల్టు తల తెగుతుంది!"

అన్నేళ్ళ తర్వాత మామయ్య నేరుగా అతనితో అన్న మొదటి మాట అది. చిటపట కావాలనే ఇంకా గట్టిగా గుంజాడు. బోల్టు వదులైంది. తల తెగలేదు. ఇంజను లోపల ఉన్నదంతా తానే పెట్టినట్టు మామయ్య వైపు ఒక చూపు చూశాడు.

మూత ఊడివచ్చాక ఇద్దరూ మెడ చాచి లోపలికి చూశారు. పాత చైను ముసలి గొడ్డు గంగడోలులా జారి వేలాడుతోంది. అది రాసుకుంటూ తిరిగే ప్లాస్టిక్ పట్టీ విరిగి, ముక్కలు కింద నూనె తొట్టిలో పడున్నాయి.

"ఇంకా తిప్పుంటే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజను తుక్కయ్యేది," అన్నాడు మామయ్య.

"ఇన్నాళ్ళు తిప్పిన మొనగాడెవరో?"

"చప్పుడు ఈమధ్యే వచ్చింది."

"చెవులు కూడా పోయాయన్నమాట."

డ్రైవరు మెల్లిగా లేచి, మూతకు పూసే గమ్ము తెస్తానని బజారుకు పోయాడు. చిటపట తొట్టి విప్పి ప్లాస్టిక్ ముక్కలన్నీ ఏరేశాడు. గైడు పట్టీలూ, చైనును బిగువుగా పట్టే టెన్షనరూ కొత్తవి బిగించాడు. ఇక చైను ఎక్కించాలి. కింద పిస్టన్లు తిప్పే క్రాంకుకు ఒక పళ్ళచక్రం, పైన వాల్వులు తెరిచే క్యామ్‌కు ఒకటి, రెంటినీ ఒకే లయలో తిప్పేది చైను. చక్రాల మీద చుక్కలుంటాయి, చైనులో రంగేసిన లింకులుంటాయి. లింకు చుక్క మీదికి రావాలి, అంతే. కానీ ఎక్కించేటప్పుడు క్రాంకు కదలకూడదు. దాన్ని కడ్డీతో పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. షెడ్డులో ఉన్న రెండో మనిషి మామయ్య ఒక్కడే.

అడగడానికి నోరు రాలేదు. మామయ్యే డబ్బా మీంచి లేచి కడ్డీ పట్టుకున్నాడు. చెయ్యి వణుకుతోంది. రెండో చెయ్యి దాని మీద అదిమాడు. రెండూ వణికాయి.

"గుర్తు సరిగ్గా చూసుకో," అన్నాడు. "ఉరుకులాట పనికిరాదు. నా షెడ్డులో ఉరుకులాడేవాళ్ళను నేను ఉంచుకోలేదు."

చిటపట చైను పట్టుకునే ఆగిపోయాడు. "అవును. నీ షెడ్డులో గొట్టంలో గుడ్డ కుక్కి, ఇంకొకడి చెంప పగలగొట్టే వాళ్ళకే చోటు."

"ఏ గుడ్డ?"

"జీపులో గుడ్డ!"

"ఏ జీపు?"

చిటపట తలెత్తి ఆయన ముఖంలోకి చూశాడు. అందులో నటన కోసం వెతికాడు. సిగ్గు కోసం వెతికాడు. ఏమీ కనపడలేదు. కనుబొమలు ముడిచి, నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నట్టు ఉన్నాడు ముసలాయన.

"చాలామందిని కొట్టానురా," అన్నాడు చివరికి. "అన్నీ గుర్తుంటాయా?"

ఇన్నేళ్ళూ పడుకునే ముందు చిటపట ఎన్నో జవాబులు తయారు చేసుకున్నాడు. మామయ్య బుకాయిస్తే ఇది, ఏడిస్తే ఇది, కాళ్ళ మీద పడితే ఇది. మరిచిపోయుంటే ఏమనాలో ఒక్కటీ తయారు చేసుకోలేదు. కోపంతో చెవుల్లోంచి ఆవిరి చిమ్మింది. చైను ఎక్కించాడు, టెన్షనరు పిన్ను లాగేశాడు, అప్పుడే వచ్చిన డ్రైవరు చేతిలో గమ్ము లాక్కుని పూసి, మూత తెచ్చి మొహం మీద కొట్టినట్టు మూశాడు. మామయ్య ఇంకా కడ్డీ వదలకుండా ఊగుతూ నిలబడి ఉండటం డ్రైవరు చూశాడు.

చైను ఎక్కించాక ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి చుక్కలు మళ్ళీ చూసుకోవాలి. ఆ తర్వాతే మూత. అది చిటపట నిద్రలో కూడా మరవని పని. ఆ రోజు మరిచాడు.

అన్నీ బిగించి, నీళ్ళూ నూనే పోసి తాళం తిప్పితే ఇంజను అందుకుంది గానీ, కుంటి గుర్రంలా గెంతుతోంది. బండి మొత్తం ఊగుతోంది. సైలెన్సరు నుంచి టప్పు టప్పుమని దగ్గు. మామయ్య తల ఒక పక్కకు వాల్చి కాసేపు విన్నాడు.

"చైను ఒక పన్ను తప్పింది," అన్నాడు. వెటకారం లేదు. వాన వస్తుంది అన్నట్టు అన్నాడు.

ఆ దగ్గు విని వీధిలో వాళ్ళంతా చేరారు. చిటపట చేసిన ఇంజను అలా మోగడం వాళ్ళకు పండగ. రేడియేటర్ల వాడు నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు.

"అన్న తప్పు కాదు," అన్నాడు డ్రైవరు గబగబా. "నేను చూశాగా. పెద్దాయన కడ్డీ పట్టుకున్నప్పుడు చెయ్యి ఇలా ఇలా ఊగింది. క్రాంకు కదిలిపోయుంటుంది."

అందరూ మామయ్య చెయ్యి వైపు చూశారు. ఆయన దాన్ని చంకలో దాచుకున్నాడు. అంత నోరున్న మనిషి ఒక్క మాట అనలేదు.

చిటపటకు నోట్లో తీపి ఊరింది. తల ఊపితే చాలు. అబద్ధం కూడా కాదు, ఆ చెయ్యి కదిలే ఉంటుంది. ఇన్నేళ్ళ బాకీ అందరి ఎదుటా తీరిపోతుంది. ఊపబోయాడు కూడా. అంతలోనే జీపు యజమాని ముందు మామయ్య ముఖం ఎలా ఉండేదో గుర్తొచ్చింది. అప్పుడాయన కూడా ఇలాగే, ఇంకొకడు దొరికినందుకు ఊపిరి పీల్చుకున్నాడు. ఇప్పుడు నేను తల ఊపితే నేనూ ఈయనా ఒకటే అనుకున్నాడు చిటపట. జాలి కలగలేదు. అసహ్యం పుట్టింది.

"చెయ్యి వణికితే వణికింది," అని అరిచాడు. "మూసే ముందు తిప్పి చూసుకోవాల్సింది నేను. చూసుకోలేదు. తప్పు నాది. ఇంకేం కావాలి మీకు? ఇక్కడేమన్నా తమాషా ఆడుతోందా? పొండి!"

జనం కదిలారు, కానీ మెల్లిగా, వెనక్కి చూసుకుంటూ.

"వేడి తగ్గాక విప్పు," అన్నాడు మామయ్య.

"నాకు చెప్పకు," అని చిటపట అప్పుడే చెయ్యి పెట్టి మెటికలు కాల్చుకున్నాడు. బూతు ఒకటి మింగి మళ్ళీ మొదటి నుంచీ మొదలెట్టాడు. రేడియేటరు, బెల్టు, పుల్లీ, మూత. ఈసారి కడ్డీ డ్రైవరు పట్టాడు. చైను ఎక్కించి, చేత్తో తిప్పి చూశాడు, మళ్ళీ తిప్పి చూశాడు. మామయ్య కూడా వంగి చూశాడు.

పొద్దు వాలేసరికి ఇంజను స్టార్టయింది. మేకుల చప్పుడు లేదు, గెంతడం లేదు. మామయ్య బానెట్ మీద అరచెయ్యి ఆనించి విని, డ్రైవరు వైపు తిరిగాడు. "బండి నోరు మూసుకుంది. ఈ షెడ్డులో ఇంక మొరిగేది ఒక్కటే మిగిలింది. పద."

మెచ్చుకోలు లేదు, వస్తానన్న మాట లేదు. చిటపట వెనకనుంచి స్పానరు విసిరేవాడే, పంక్చర్లవాడు అడ్డం ఉన్నాడు కాబట్టి ఆగాడు.

కొన్నాళ్ళకు అమ్మ తమ్ముడి ఇంటికి పోయి నవ్వుకుంటూ వచ్చింది. "మీ మామయ్య ఎదురైన ప్రతివాడికీ చెబుతున్నాడురా. మా మేనల్లుడు నలుగురిలో తప్పు ఒప్పుకున్నాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడనుకున్నారు అని."

చిటపట చేతిలో గ్లాసు నేలకు కొట్టాడు. తను చేసిన ఒక్క మంచి పనినీ ముసలాయన సొంత ఖాతాలో వేసుకున్నాడు! చెప్పులు కూడా లేకుండా, ఇన్నేళ్ళు తొక్కని ఆ గడప దగ్గరికి పోయాడు. మామయ్య వాకిట్లో పికప్ పక్కనే ఉన్నాడు.

"నీ దగ్గర నేర్చుకున్నది దెబ్బలు తినడం ఒక్కటే!"

"అది కూడా సరిగ్గా నేర్చుకోలేదు. రెండిటికే పారిపోయావు."

చెంపదెబ్బలు రెండని చిటపట ఆ రోజు షెడ్డులో చెప్పలేదు. గుర్తుందా ఈయనకు? అడుగుదామనుకుంటే మామయ్య అప్పటికే బానెట్ ఎత్తి, వణికే చేత్తో నూనె కొలిచే పుల్ల బయటికి లాగి తుడుస్తున్నాడు.

"ప్లాస్టిక్ నుసి ఇంకా ఉంటుంది," అన్నాడు. "ఆయిల్ మార్చాలి. ఎప్పుడు తేను?"

"తేవద్దు."

"శుక్రవారం తెస్తాను."

శుక్రవారం షెడ్డు మూసి ఎటైనా పోదామనుకున్నాడు చిటపట. పొద్దున్నే తాళం చేతిలో పట్టుకుని వీధిలో నిలబడ్డాడు కూడా. అప్పటికే పికప్ మలుపు తిరిగింది. వాళ్ళు కలిసిపోయారని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ రోజు వాళ్ళ అరుపులకు రేడియేటర్ల వాడు తన పని ఆపి వచ్చాడు, డ్రైవరు బండి దిగి సీట్లు కుట్టేవాడి కొట్టులో కూర్చున్నాడు. నూనె మాత్రం మారింది.