కడిగిన సీసా

పెర్త్‌కూ సింగపూర్‌కూ గడియారంలో తేడా లేదు. విమానంలో అయిదు గంటల పైచిలుకు ప్రయాణం చేసి దిగినా చేతి గడియారం ముల్లు తిప్పవలసిన పని ఉండదు. మారేది చట్టం. పెర్త్ శివారు కానింగ్ వేల్‌లోని మా వంటింట్లో, పసుపు డబ్బా పక్కన అందరికీ కనబడేలా ఉండే ఒక చిన్న గోధుమరంగు సీసా, ఆ అయిదు గంటల తరువాత మనిషిని జైలుకు పంపగల వస్తువు అవుతుంది. డెబ్భై ఏళ్ళు దాటేవరకు ఈ సంగతి తెలుసుకోవలసిన అవసరం నాకు కలగలేదు.

నా భార్యకు క్యాన్సరు చికిత్స పూర్తయింది గాని, ఆ చికిత్స ఆమె పాదాల్లో ఒక మంటను వదిలిపెట్టి పోయింది. దెబ్బతిన్నవి నరాలని డాక్టరు చెప్పారు. నొప్పిని సున్నా నుంచి పది వరకు ఒక అంకెగా చెప్పమని అడిగేవారు. ఆమె మొదట్లో "చాలా ఉందండీ" అనేది. చాలా అన్నది అంకె కాదని నేను రోజూ పోరి, పోరి అలవాటు చేశాను. ఏడు అని చెప్పడం నేర్చుకుంది. మాత్రలు మార్చారు, మోతాదులు పెంచారు. ఏడు ఏడుగానే ఉండిపోయింది. చివరకు ఆ డాక్టరే గంజాయి నుంచి తీసిన నూనె రాసిచ్చారు. ఆస్ట్రేలియాలో వైద్యుడు రాసిస్తే ఇది వాడుకోవడానికి 2016లో చట్టం దారి ఇచ్చింది. మందుల షాపులోనే ఇస్తారు, సీసా మీద రోగి పేరు, మోతాదు అచ్చువేసి ఉంటాయి.

నేను ఆ మాట ఇంట్లో ఒక్కసారే పలికాను.

"గంజాయి అనకండి. మా నాన్న విన్నారంటే ఏమైనా ఉందా?"

"మీ నాన్నగారు 1991లో పోయారు."

"అయినా సరే, అనకండి."

ఆమె దానికి ఆకు నూనె అని పేరు పెట్టుకుంది. ఆ పేరు ఎవరినీ మోసం చేయలేదు. ఒక ఆదివారం తెలుగువాళ్ళ భోజనాల్లో, ఇక్కడే చదువుకుని ఉద్యోగంలో కుదురుకున్న ఒక కుర్రవాడు, "ఆంటీ, మీకు లీగల్‌గా దొరుకుతుందంట కదా! ఈ వీకెండ్ మేమంతా మీ ఇంటికే బార్బీకి, అదే బార్బెక్యూకి, వచ్చేస్తాం" అన్నాడు. "రండి నాయనా, అంట్లు కూడా తోమిపెడుదురుగాని" అంది నా భార్య. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. కానీ రెండో నెలకు అంకె నాలుగుకు దిగింది. పొయ్యి దగ్గర నిలబడి మళ్ళీ దోసెలు పోయగలిగింది.

అప్పుడు కాకినాడ నుంచి పిలుపు వచ్చింది. మా వదినగారు, అంటే నా భార్య అక్కగారు, తమ వారికి సహస్ర చంద్ర దర్శనం చేయిస్తున్నామని ఫోను చేశారు. వేయి పున్నములు చూసినవారికి చేసే శాంతి అది. పున్నమికీ పున్నమికీ మధ్య సగటున ఇరవై తొమ్మిదిన్నర రోజులు. వేయి పున్నములంటే ఎనభై ఏళ్ళూ, దరిదాపు పది నెలలూ. మా తోడల్లుడుగారికి ఆ వయసు ఇంకా నిండలేదు. ఆ మాటే వదినగారికి చెప్పాను.

"పురోహితుడు ముహూర్తం పెట్టేశాడు మరిదిగారూ. చంద్రుడికి అభ్యంతరం లేదంట, మీకేనా?" అన్నారావిడ.

అభ్యంతరం నాది కాదు, మందుది. ఆ వేడుకలో భర్త పక్కన పీటల మీద కూర్చునే ఇల్లాలు పుట్టింటివారు పెట్టిన చీర కట్టుకోవాలి. వాళ్ళకు అన్నదమ్ములు లేరు. తల్లిదండ్రులు లేరు. అక్కకు మిగిలిన పుట్టిల్లంతా నా భార్య ఒక్కతే. చీర కొరియర్లో పంపవచ్చునని నేను అన్నాను. పుట్టిల్లు కొరియర్లో రాదని ఆమె అంది. ఆకు నూనె లేకుండా ఆమె అంత దూరం వెళ్ళి, ఆ పీటల ముందు నిలబడి, ఆ చీర చేతికివ్వగలదా అన్నదొక్కటే ఇక తేలవలసిన విషయం.

ఎందుకంటే నూనె వెంట తీసుకువెళ్ళే వీలు లేదు. నేను వారం రోజులు కూర్చుని చదివాను. సింగపూర్ చట్టం 1973 నాటిది. డాక్టరు చీటీ ఉన్నవారికి గాని, కేవలం విమానం మారేవారికి గాని అందులో సడలింపు నాకెక్కడా కనబడలేదు. భారతదేశపు చట్టం 1985 నాటిది. అందులో గంజాయికి ఇచ్చిన నిర్వచనంలో పూత ఉంది, ఉత్త ఆకు లేదు. అందుకే కొన్ని రాష్ట్రాల్లో ఆ ఆకుతో చేసే భంగు దుకాణాల్లో అమ్ముతారు. నా భార్య వాడే నూనె పూతనుంచి తీసినది. తెచ్చుకోవచ్చునా అని అడుగుతూ రాసిన ఉత్తరాలకు స్పష్టమైన జవాబు రాలేదు. స్పష్టంగా అనుమతించనిదాన్ని అనుమతిగా లెక్కవేయడం నాకు చేతకాదు. డాక్టరుగారు మూడు వారాల మీద నూనె మోతాదు తగ్గించి మానిపించారు, బదులుగా ఒక మాత్ర ఇచ్చారు. అంకె ఆరుకు ఎక్కింది.

"ఆరు మోయగలను," అంది నా భార్య. "ఏడైతేనే కష్టం."

ఆ విధంగా మేము విమానాశ్రయానికి చేరాము. మమ్మల్ని దింపడానికి మా అమ్మాయి వచ్చింది. పెద్ద పెట్టె తూకం మీద పెట్టగానే ముప్పై దాటి రెండు కిలోల నాలుగు వందల గ్రాములు ఎక్కువ చూపించింది. కౌంటరులోని అమ్మాయి పక్కకు వెళ్ళి సర్దుకురమ్మని నవ్వుతూ చెప్పింది. మనవాళ్ళ ప్రయాణాలన్నిటిలోలాగే పెట్టె నేలమీద తెరుచుకుంది.

"ఏం పెట్టావమ్మా దీంట్లో? హాఫ్ ఆఫ్ కోల్స్ సూపర్‌మార్కెట్ ఇక్కడే ఉంది," అంటూ మా అమ్మాయి చాక్లెట్లు, విటమిన్ డబ్బాలు, మకాడమియా పలుకులు బయటికి తీసింది. వాటి నడుమ ఒక ఉన్ని మేజోడు బరువుగా ఉంది. విదిలిస్తే గోధుమరంగు సీసా జారింది. దాని మీద నా భార్య పేరు, ఆ పేరు కింద మందు పేరు.

"ఇదేమిటి?" అన్నాను.

"అక్కకి. మోకాళ్ళకి. కర్పూరం నూనె కాచాను."

"పైన ఏం రాసి ఉందో చూశావా?"

"పైన ఏముంటే ఏంటండీ? లోపల కర్పూరం వేసిన కొబ్బరినూనె. సీసా అయిపోతే బంగారంలాంటి సీసా, చుక్కలు పడే గొట్టంతో సహా, పారేస్తామా?"

మా ఇంట్లో ఏ సీసానూ పారవేయరు. కాఫీ సీసాలో కారం, తేనె సీసాలో మెంతులు, పచ్చడి సీసాలో మరొక పచ్చడి ఉంటాయి. నలభై ఏళ్ళుగా చూస్తున్న ఆ అలవాటును నేను ఈ లెక్కలో చేర్చుకోలేదు.

"సబ్బుతో కడిగాను. వేణ్ణీళ్ళతో కూడా," అంది.

"గొట్టం పైన రబ్బరు బుడ్డి ఊడదీసి కడిగావా?"

ఆమె ఉన్ని మేజోడు మడత పెట్టసాగింది.

నేను ఉద్యోగం చేసింది ఖనిజాలను పరీక్షించే ప్రయోగశాలలో. టన్ను రాతిలో గ్రాము బంగారం ఉన్నదో లేదో చెప్పడం మా పని. అంటే పది లక్షల్లో ఒక వంతు. ఆ లెక్కకు గాజుపాత్రను ఆమ్లంతో కడిగి, శుద్ధజలంతో మూడుసార్లు తొలిచి, ఆ తరువాత కూడా ఉత్త పాత్రను పరీక్షించి, ఏమీ రాకపోతేనే అది శుభ్రమనేవాళ్ళం. రబ్బరు నూనెను పీల్చుకుంటుంది. అది ఎన్ని వేణ్ణీళ్ళకు వదులుతుందో నాకు తెలియదు. తెలియదన్నదే నా అభ్యంతరం.

మా అమ్మాయి మూత తీసి వాసన చూసింది. "ప్యూర్ కర్పూరం, డాడ్. ఇట్స్ ఫైన్."

"వాసన కొలత కాదు."

"అయితే లేబుల్ పీకేద్దాం."

"లేబుల్ ఉంటే మందంటారు. సగం చిరిగిన లేబుల్ ఉంటే దాచిన సరుకంటారు."

నా భార్య ట్రాలీ అంచున కూర్చుంది. అరికాళ్ళు నేలకు ఆనకుండా మడమల మీద నిలిపింది. "తెస్తున్నానని అక్కకి చెప్పేశానండీ. నిన్న కూడా అడిగింది. చీర మనం ఇచ్చేది, అది ఊరందరి ముందు. ఇది నేను అక్కకి చేసింది."

"ఈ సీసాతో నేను విమానం ఎక్కను," అన్నాను. "నిన్ను ఎక్కనివ్వను కూడా. అక్కడ మనల్ని ఆపితే ముహూర్తం ఆగదు. నీ అక్క పీటల మీద పుట్టింటి చీర లేకుండా కూర్చుంటుంది."

ఆమె కొంతసేపు సీసాను చేతిలో తిప్పింది. తరువాత కూతురికి ఇచ్చింది. "తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టు. పారెయ్యకు."

"ప్రామిస్, అమ్మా."

సీసా పోయినా పెట్టె బరువు ఎక్కువే ఉంది. మకాడమియా పలుకులు కూడా మా అమ్మాయికే దక్కాయి.

సింగపూర్‌లో విమానం మారేటప్పుడు మా చేతిసంచులు యంత్రంలోంచి వెళ్ళి ఇవతలికి వచ్చాయి. "చూశారా, ఎవరూ ఏమీ అనలేదు," అంది నా భార్య. ఏమీ లేదు గనుక అనలేదని చెప్పాను. విశాఖపట్నం వెళ్ళే విమానంలో ఆమె మంట ఏడుకు చేరింది. అక్కడినుంచి కాకినాడకు కారులో వెళ్తుండగా, నేను అడగకముందే, "ఎనిమిది, ఇంక అడక్కండి," అంది.

వేడుక నాడు చెప్పులు లేకుండా నిలబడాలి. పెర్త్‌లో ఆమె ఇంట్లో కూడా మెత్తటి జోళ్ళు విడువదు. ఇక్కడ వదినగారి హాలులో పాతకాలపు గచ్చు, చల్లగా ఉంది. అదొక అదృష్టం. హోమం పొగ, బంధువుల మాటలు, పక్కగదిలో వడ్డనల హడావుడి. పురోహితుడు తల ఎత్తి, "పుట్టింటివారెవరమ్మా? రావాలి," అన్నాడు. నా భార్య లేచింది. నేను చెయ్యి అందించబోతే వద్దని గోడ పట్టుకుంది. గోడ అయిపోయిన చోట ఒక్క క్షణం ఆగి, పళ్ళెంలో చీర, రవికెగుడ్డ, పసుపూ కుంకుమా పట్టుకుని నడిచింది. వదినగారికి బొట్టుపెట్టి చీర చేతికిచ్చింది. వదినగారు లోపలికి వెళ్ళి అదే చీర కట్టుకుని వచ్చి పీటల మీద కూర్చున్నారు. తతంగం ముగిసేదాకా నా భార్య అక్కడే, ముందు వరుసలో ఉంది.

సాయంత్రం బంధువులు వెళ్ళిపోయాక వదినగారు అరుగుమీదికి వచ్చారు. "ఒసేయ్, కర్పూరం నూనె తెస్తానన్నావు, ఏదే?"

"మీ మరిదిగారు ఎయిర్‌పోర్టులో ఆపేశారు."

"పోలీసులు ఆపుతారని విన్నాను గాని, మొగుళ్ళు ఆపడం ఇదే వినడం!"

సంగతి తెలిశాక ఆవిడ చాలాసేపు నవ్వారు. లోపలికి వెళ్ళి, తామే కొబ్బరినూనెలో కర్పూరం వేసి గోరువెచ్చగా కాచి తెచ్చారు. తమ మోకాళ్ళకు రాసుకుంటారనుకున్నాను. కింద కూర్చుని చెల్లెలి పాదం ఒళ్ళోకి తీసుకున్నారు.

"అక్కా! పాపం నాకు. వదులు."

"పొద్దుట్నుంచి ఊరంతా నా కాళ్ళు పట్టుకున్నారు. నేనెవరి కాళ్ళూ పట్టుకోకూడదటే? కదలకు."

నేను అంకె అడిగాను. ఆరు అంది. కర్పూరం వల్ల నరాల మంట తగ్గుతుందన్న ఆధారం నేను ఎక్కడా చదవలేదు. ఎనిమిది నుంచి ఆరుకు రావడానికి చల్లటి గచ్చు కారణమో, మాత్ర కారణమో, విశ్రాంతి కారణమో చెప్పలేను. ఆమె చెప్పిన అంకె మాత్రం ఆరు.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు వదినగారు మిగిలిన నూనెను చెల్లెలికి ఇవ్వడానికి ఒక సీసాలో పోసి తెచ్చారు. సీసా చేతిలోకి తీసుకుని వెలుతురులో పట్టుకున్నాను. దగ్గు మందు సీసా. ఆ మందులో ఏమేమి ఉన్నాయో లేబుల్ మీద సగం చెరిగి ఉంది. కొన్ని దగ్గు మందుల్లో నల్లమందు నుంచి తీసే కొడీన్ ఉంటుంది.

"కడిగాను మరిదిగారూ," అన్నారు వదినగారు. "వేణ్ణీళ్ళతో."

నా భార్య నా మొహం చూసి, తల తిప్పుకుని నవ్వు ఆపుకుంది. నేను గొడుగు తీసుకుని, కొత్త ఖాళీ సీసా ఎక్కడ దొరుకుతుందో కనుక్కుందామని బజారుకు బయలుదేరాను.