మోకాలి వెనక గుర్తు

పోయిన వారం మా ఎదురు ఫ్లాట్ ఆంటీ ఆసుపత్రిలో కన్నుమూసింది. షుగర్ వల్ల కాలు తీసేశారు. ఆ గాయం మానలేదు.

ఆవిడది పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవి. ఓడల్లో పనిచేసే భర్త వెంట సింగపూర్‌లో మా టోవా పాయో పేటకు వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. భారీ మనిషి, మాట పెళుసు. వారాంతాల్లో నేను పెళ్ళి ఫొటోలు తీసి, మొహాల మీది మచ్చలు చెరిపి ఇస్తాను. కారిడార్‌లో కెమెరా సంచితో కనిపిస్తే చాలు, "ఇవాళ ఎవరి మొహానికి సున్నం కొట్టొచ్చావు, గర్ల్?" అనేది.

ఆవిడకు తొడల నుంచి మోకాళ్ళ కింది దాకా పచ్చబొట్టు ఉండేది. వాళ్ళ ఆడవాళ్ళు పొడిపించుకునే 'మలు' అది. పడుచుతనంలో వాళ్ళ ఊరి ముసలాయన ఒకడు, రంగులో ముంచిన ఎముక దువ్వెనను చెక్క సుత్తితో కొట్టి పొడిచాడట. నాట్యమాడేటప్పుడు కనిపించాలే తప్ప ఊరికే చూపించరు. ఫొటో తీస్తానని ఎన్నిసార్లడిగినా, లుంగీ సర్దుకుని తలుపేసుకునేది. మాతో ఉండే మా అత్తయ్యకు మాత్రం ఒకసారి చూపించింది.

"నా చేతిమీద నాలుగు చుక్కలు పొడిస్తేనే వీధంతా వినపడేలాగ ఏడ్చీసేను. ఈవిడ ఎలాగ ఓర్చుకుందో, అమ్మా" అంది అత్తయ్య.

కాలు మోకాలి పైదాకా తియ్యక తప్పదని డాక్టర్లు చెప్పిన రోజు ఆంటీయే మా తలుపు తట్టింది.

"వెనక నుంచి తియ్యి. మోకాలి వెనకుండే గుర్తే అసలు మలు. నా ఒంటిమీదే ఉన్నా నేనే సరిగ్గా చూసుకోలేదు. అది పోయేలోగా చూడాలి. తీస్తావా, కెన్?"

గోడకు చేతులాన్చి నిలబడింది. మడమ పుండు వాసన గదంతా నిండింది. అత్తయ్య ఆవిడ నడుం పట్టుకుంది. తీసిన ఫొటోను ఆంటీ చాలాసేపు చూసింది. "బాగా పొడిచాడు ముసలాడు" అంది. నాకు ఏడుపొచ్చింది.

ఆపరేషన్ తర్వాత చక్రాల కుర్చీలో వచ్చి మళ్ళీ తియ్యమంది, ఈసారి ముందు నుంచి. లుంగీ పైకి లాగింది. తొడమీది గీతలు కుట్ల దగ్గర తెగిపోయాయి. దుప్పటి కప్పబోతే నా చేతిమీద కొట్టింది.

"మొదటిది నాకు. ఇది నా శవపెట్టె పక్కన పెట్టడానికి. దాచకు."

ఆ తర్వాత పెళ్ళికూతుళ్ళ మచ్చలు చెరపడానికి నాకు చేతులు రాలేదు. అందుకు ఆవిడకు ఋణపడి ఉన్నాను.

మొన్న మా బ్లాక్ కింద, ఇక్కడి అలవాటు ప్రకారం చూడ్డానికి ఉంచిన శవపేటిక పక్కన, ఆవిడ చర్చిలో నవ్వుతున్న ఫొటో పెట్టబోయింది ఆవిడ కూతురు. తల్లి మాట చెప్పాను. ఏడుస్తూ, తటపటాయిస్తూ, చివరికి నేను తీసిన ఆ రెండో ఫొటోనే పెట్టింది. లిఫ్ట్ కోసం వచ్చినవాళ్ళు చూసి తల తిప్పుకుంటున్నారు. పువ్వుల మధ్య ఆంటీ, లుంగీ తొడమీదికి లాగి పట్టుకుని, వాళ్ళవైపే చూస్తోంది.